సున్నం కింద గీతలు

మా తాత మా ఊరి బోరు నీళ్ళు నలభై ఏళ్ళు తాగాడండి. తాగీ తాగీ ఒళ్ళు బిగుసుకుపోయింది. మెడ తిరగదు, మోకాలు మడత పడదు. ఒకరోజు దుర్గి పోయి, ఎండకి తాళలేక రాళ్ళు చెక్కేవోళ్ళ పందిరి కింద నిలబడ్డాడు. నిలబడితే ఇక కదలడుగా. ఆ చెక్కే ఆయన పొద్దున్నించీ పని చేసి కళ్ళు మసకలేసి ఉన్నాడు. మా తాతని చూసి, నంది కోసం తెప్పించిన రాయి అనుకుని భుజమ్మీద ఉలి ఆనించాడు. "ఒరేయ్, నేను మనిషినిరా" అన్నాడు మా తాత. "మాట్లాడే రాయి దొరికింది, దీనికి రేటెక్కువ పలికిద్ది" అని ఆయన సుత్తి ఎత్తాడంట.

మీరు నవ్వండి, పర్లేదు. ఉలి సంగతి నేను కలిపిందే అనుకోండి, మెడ తిరగని సంగతి మాత్రం నిజం. మా నల్లగుట్ట పేటలో ఆ నీళ్ళు తాగిన పెద్దోళ్ళందరికీ అంతే. పళ్ళు పసుపు, కీళ్ళు బిగువు. పిలిస్తే తల తిప్పరు, లారీ రివర్సు చేసినట్టు మనిషి మొత్తం తిరగాల. అందుకని నాలుగేళ్ళ కిందట చెలమ అనే సంస్థోళ్ళు వచ్చి మంచినీళ్ళ ప్లాంటు పెడతామంటే మాకు పండగైపోయింది. ఒక చిన్న గది, ముందు రేకుల పంచ, లోపల మిషను. ఇటుపక్క బోరు నీళ్ళు పోతే అటుపక్క మంచినీళ్ళు వస్తయ్యి. పద్నాలుగు ఇళ్ళకి మరుగుదొడ్లు కూడా కట్టించారు.

నీళ్ళు ఊరికే కాదు. ఇరవై లీటర్ల టిన్నుకి ఐదు రూపాయలు. ఆ డబ్బులు చెలమోళ్ళకి పోవు, పేటలోనే ఒక పెట్టెలో ఉంటయ్యి. కరెంటు బిల్లు, రిపేర్లు దాంట్లోంచే. మూడు నాలుగేళ్ళకోసారి పెద్ద ఫిల్టరు మార్చాల్సొస్తే మాత్రం సంస్థ ఇచ్చిద్ది. కానీ పెట్టె లెక్క సరిగ్గా ఉంటేనే. ఇదీ ఒప్పందం.

ఆ పెట్టె తాళంచెవి దేవమ్మత్త కాడ పెట్టారు. మాకు చుట్టరికమేం లేదు. ఆళ్ళు చర్చికి పోతారు, మేం మసీదుకి పోతాం. అయినా నాకు బుద్ధి తెలిసినప్పట్నించీ ఆమె అత్తే. అరవై దాటింది. మనిషి ఎండు మిరపకాయంత ఉంటది, నోరూ అంతే ఘాటు. చదువు రాదు. నాకూ రాదు, కాకపోతే నాకు రాదని చెప్పుకోడానికి సిగ్గు, ఆమెకి సిగ్గు లేదు.

చదువు రానామె లెక్క ఎట్టా రాసిద్దంటారా. గోడ మీద రాసిద్ది. రేకుల పంచలో, మేం టిన్నులు పట్టుకుని వరసలో నిలబడే చోట ఎదురుగా ఉన్న గోడ. ఎర్రమట్టి జాజు తెచ్చి తుమ్మబంకలో కలిపి, చీపురుపుల్లతో ఇంటికో బొమ్మ గీసింది. పేరు చదవలేకపోతే బొమ్మ చూసుకోవచ్చని. మిరపతోట రాజమ్మకి మిరపకాయ. చర్చిలో గంట కొట్టే సామ్యేలు మామకి గంట. ట్రాక్టరు సుధాకర్‌కి చక్రం. నాకు నోరు. అవును, నోరే. రెండు పెదాలు, మధ్యలో పళ్ళు. "ఇదేందత్తా, నేను సున్నాలేసేవోణ్ణి, కుంచె గియ్యి" అన్నా. "కుంచె నీ చేతిలో ఏడాదికి రెణ్ణెల్లే ఉంటదిరా వలీ, నోరు రోజూ ఉంటది" అంది.

ఆ బొమ్మ పక్కన, పది టిన్నులు తీసుకుంటే ఒక నిలువు గీత. అంటే యాభై రూపాయలు. ఆ యాభై కడితే ఆ గీత మీద అడ్డంగా, కాస్త ఏటవాలుగా ఒక కొట్టు. కొట్టు పడితే బాకీ లేనట్టు, పడకపోతే ఉన్నట్టు. ఇంతే. పేట మొత్తం నిలబడి చూసే గోడ, దాంట్లో దొంగతనానికి సందు ఎక్కడుంది చెప్పండి.

నెలకోసారి ప్రవీణ్ కుమార్ వచ్చి ఆ గోడని చూసి రిజిస్టరులో ఎక్కించేవోడు. డిగ్రీ చదివినోడు, మా కమిటీకి సెక్రటరీ. తర్వాత ఆ అబ్బాయికి చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లులో ఉద్యోగం వచ్చింది. పుస్తకం తీసుకుని పోయాడు. "అత్తా, నువ్వు దిగులు పడమాక, నేను వచ్చినప్పుడల్లా చూసి రాస్తన్నా" అని ఫోన్లో చెప్పేవోడు. మేమందరం అదే నమ్మాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి కూడా చెప్పాలి, నా బల్లి సంగతి. కిందటేడు మా అబిదాకి టీబీ పట్టింది. అబిదా అంటే నా భార్య. ఆరు నెలలు. మందులు సర్కారోళ్ళు ఇచ్చారు గానీ గుడ్లూ పాలూ ఎవరిస్తారు. ఆమెని వదిలి పనికి పోలేను, పోయినా సున్నపు దుమ్ము ఒంటినిండా పెట్టుకుని ఆ దగ్గే మనిషి పక్కకి రాలేను. చేతిలో యాభై రూపాయలు నిలవని రోజులు. గోడ మీద నోటి బొమ్మ పక్కన గీతలు పడతన్నయ్యి, కొట్టు పడట్లా. ఒకటి, మూడు, ఆరు. రోజూ వరసలో నిలబడి ఆ గీతలు చూసేవోణ్ణి. వెనకాల ఉన్నోళ్ళు కూడా చూస్తారుగా.

ఒకరోజు పోయి చూద్దునుగదా, అన్నిటి మీదా కొట్లు పడి ఉన్నయ్యి. నేను పైసా కట్టలా. ఏం జరిగిందో అడగొచ్చు. అడిగితే, పొరపాటున కొట్టానురా, అని తుడిచేసిద్దేమోనని భయం. అందుకని బల్లిని తెచ్చా. "ఆ గోడ మీద ఒక బల్లి ఉంది. మూడేళ్ళ బట్టీ నా కథలు ఊరికే వింటంది. దానికి మనసు ఒప్పుకోక, జాజు గిన్నెలో తోక ముంచి నా బాకీ కొట్టేసింది" అని వరసలో అందరికీ చెప్పా. జనం పడీ పడీ నవ్వారు. దేవమ్మత్త మాత్రం టిన్ను కింద పెట్టి, "బల్లి మంచిదేరా" అంది. అంతే అంది.

ఇక అసలు సంగతికి వస్తా.

ఈ మార్చిలో చెలమోళ్ళ దగ్గర్నించి ఫోనొచ్చింది. ఆ సంస్థకి డబ్బులిచ్చేవోళ్ళు హైదరాబాదు నించి ఒక మేడాన్ని పంపిస్తన్నారంట. చెలమోళ్ళు కాగితాల మీద రాసిందీ, ఊళ్ళల్లో ఉన్నదీ ఒకటేనా కాదా, పైసా పైసా చూడ్డానికి. మా పెద్ద ఫిల్టరు అప్పటికే పోయింది. నీళ్ళు మళ్ళీ బోరు నీళ్ళ రుచికొస్తన్నయ్యి. కొత్తది రావాలంటే ఈ మేడం సరే అనాలి. అవతల ఇంకో ఊళ్ళో లెక్క తేలక ప్లాంటుకి తాళం పడిందని, ఆ పెట్టె చూసుకునే ఆయన్ని జనం దొంగ అన్నారని, ఆయన ఊరొదిలి కూతురింటికి పోయాడని అప్పటికే విన్నాం.

దేవమ్మత్తకి అదే వారం నరసరావుపేటలో కంటి ఆసుపత్రికి పోవాల్సొచ్చింది. రెండు రోజులు. పోతా పోతా నాతో, "వలీ, మేడం వస్తంది, ప్లాంటు గది కాస్త చూడు" అంది.

చూడు అంటే నేనెట్టా చూస్తా చెప్పండి. నేను సున్నాలేసేవోణ్ణి. గుల్ల సున్నం తెచ్చి నానబెట్టి, నీలిమందు కలిపి, బయట గోడలు మూడూ కొట్టా. మెరిసిపోతన్నయ్యి. పంచలోకి వచ్చి ఆ గీతల గోడ చూశా. అందరి బాకీలూ ఎర్రగా కనపడతన్నయ్యి. రాజమ్మవి రెండు, సుధాకర్‌వి నాలుగు. పెళ్ళిచూపులకి ఎవరన్నా వస్తే చినిగిన పక్కబట్టలు పెట్టెలో దాస్తాం గదా, అట్టా అనిపించింది. హైదరాబాదు మేడం ముందు పేట పరువు ఎందుకు పోవాలి. ప్రవీణ్ ఎట్టాగూ పుస్తకంలో రాస్తనే ఉన్నాడు, గోడ చిత్తుకాగితమే గదా అనుకున్నా. రెండు పూతలు వేశా. పూత వేసేప్పుడు తడి మీద గీతలన్నీ ఇంకా ఎర్రగా కనపడతంటే, ఆరాక తెల్లబడిద్దిలే అనుకున్నా. ఆరింది, తెల్లబడింది. పాలకుండలాగా ఉంది గోడ. అబిదాని పిలిచి మరీ చూపించా. "బాగుంది" అంది. ఆమెకి నా మీద నమ్మకమెక్కువ.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మేడం కారు వచ్చింది. సుభాషిణి అని పేరు. నలభై ఏళ్ళుంటయ్యి. నూలు చీర, నల్ల సంచి, చేతిలో ఫోను. మేం టీ ఇస్తే తాగింది, కుర్చీ వేస్తే కూర్చోలా. "ముందు మరుగుదొడ్లు చూద్దామండి" అంది.

పద్నాలుగూ చూసింది. తలుపులు తీసి, నీళ్ళు పోసి మరీ చూసింది. పదమూడు బాగానే ఉన్నయ్యి. పద్నాలుగోది రాజమ్మది. తలుపు లాగింది, మేడానికి తుమ్ములు మొదలైనయ్యి. ఏడో ఎనిమిదో. లోపల పైకప్పు దాకా మిరపకాయ బస్తాలు.

"ఇదేంటమ్మా" అంది మేడం, కళ్ళల్లో నీళ్ళు కారతా.

"ధర పడిపోయింది మేడం. ధర వచ్చిందాకా పెట్టుకున్నా. వానొస్తే ఇల్లు కారుద్ది, ఇది కారదు. మీవోళ్ళు కట్టిన పని అంత గట్టిగా ఉంది" అంది రాజమ్మ.

మేడం రాసుకుంది. "మరి మీరు ఎక్కడికి వెళ్తున్నారు?"

"మా ఆడబిడ్డింటికి. రోజూ పోయేసరికి మాట్లాడుకోవడం మొదలెట్టాం, ఆరేళ్ళ బట్టీ మాటల్లేవు."

మేడం నవ్వింది, కానీ నవ్వతా కూడా రాసుకుంది. పద్నాలుగులో ఒకటి వాడకంలో లేదని. ఈమె నవ్వు వేరు, రాత వేరు అని అప్పుడే నాకు అర్థమైంది.

ప్లాంటు కాడికి వచ్చేసరికి దేవమ్మత్త ఆటో దిగతంది. కంటికి నల్లద్దాలు. బైబిలు సంచి చంకలో ఉంది. దాంట్లోనే బిల్లులన్నీ పెట్టుకుంటది. "నమస్తే అమ్మా, నేనే దేవమ్మని. ఏం కావాలో అడుగు, చెప్తా" అంది ధైర్యంగా.

"రిజిస్టరు చూపిస్తారా దేవమ్మ గారు?"

ప్రవీణ్ కుమార్ ఆ పుస్తకాన్ని ముందురోజే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు. తను మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో పుస్తకం తెరిస్తే తెలిసింది. మేడం పేజీలు తిప్పి, "ఇది కిందటేడు ఏప్రిల్‌తో ఆగిపోయిందండి. పదకొండు నెలలు ఖాళీ" అంది.

గోళ్ళ సందుల్లో సున్నం కనపడకుండా నేను చేతులు వెనక్కి పెట్టుకున్నా.

దేవమ్మత్త మాత్రం బెదరలా. "పుస్తకం పోతే పోయిందమ్మా, ఆ అబ్బాయి సంగతి తర్వాత చూస్తా. లెక్క గోడ మీద ఉంది, రా" అని పంచలోకి నడిచింది. నల్లద్దాలు తీసింది.

గోడ తెల్లగా ఉంది.

తిడుతుందనుకున్నా. ఆమె తిట్లు నాకు అలవాటే. తిడితే బాగుండేది. ఆమె గోడ దగ్గరికి పోయి, అరచేతో ఒకచోట తడిమింది. గంట బొమ్మ ఉండే చోటు. తర్వాత అక్కడే అరుగు మీద కూర్చుంది. "ఎవరు కొట్టారు సున్నం" అని అడగలా. మా పేటలో సున్నం కొట్టేది ఒక్కడే.

"అత్తా" అన్నా.

"బాగా కొట్టావురా" అంది. ఎగతాళి కాదు.

మేడం అర్థం చేసుకుంది. ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "దేవమ్మ గారు, మీరు తప్పు చేశారని నేను అనట్లేదు. పెట్టెలో డబ్బుంది, మీ దగ్గర బిల్లులున్నాయి. కానీ ఎంత వసూలైందో చూపించేది ఏదీ లేదు. ఎంత రావాలో తెలియకపోతే, ఉన్నది సరిపోయిందో లేదో నేను చెప్పలేను. లెక్క చూపలేకపోయారని రాయాల్సొస్తుంది. అబద్ధం రాయలేనమ్మా."

"అబద్ధం రాయొద్దు. ఉన్నదే రాయి. కాకపోతే ఒకటి. నీళ్ళు ఆపమాకండి. నన్ను తీసేసి ఇంకెవరినన్నా పెట్టుకోండి" అంది అత్త.

"ఫిల్టరు డబ్బు ఈ రిపోర్టు మీదే ఉందండి" అంది మేడం. అబద్ధం చెప్పదుగా.

పేట అంతా పంచ చుట్టూ నిలబడి ఉంది. సామ్యేలు మామ చర్చిలో చావుగంట కొట్టేప్పుడు పెట్టే మొహం పెట్టాడు. నాకు ఆ ఇంకో ఊరాయన గుర్తొచ్చాడు. దేవమ్మత్తకి పోవడానికి కూతురిల్లు కూడా లేదు. రేపు ఎవడో ఒకడు అంటాడు, గోడ కావాలనే చెరిపించిందని. నాకు ఆమె మొహం చూడబుద్ధి కాలా, గోడ కేసి చూశా. అప్పుడు గుర్తొచ్చింది, తడి మీద గీతలు.

"మేడం, గోడ చెప్పిద్ది" అన్నా.

"ఒరేయ్ వలీ, ఇది కథలు చెప్పే టైమా" అన్నాడు సామ్యేలు మామ.

"కథ కాదు మామా. నీళ్ళు పోస్తే గోడ చెప్పిద్ది."

"బల్లి వచ్చి చదివి వినిపిస్తదా" అంది రాజమ్మ. ఎవరూ నవ్వలా. నా జీవితంలో నేను నిజం చెప్పింది చానా తక్కువ, ఆ తక్కువలో ఒకటి చెప్తంటే ఒక్కళ్ళు నమ్మలా. ఎవరిదో నిండు టిన్ను పక్కనే ఉంది. ఎత్తి గోడ మీద పోశా.

సున్నం పని తెలిసినోళ్ళకి ఇది వింత కాదు. పచ్చి సున్నం తడిస్తే పల్చటి గుడ్డలాగా అయిద్ది, కిందది కనపడిద్ది. ఆరితే మళ్ళీ మూసుకుంటది. నీళ్ళు జారిన చోటల్లా జాజు రంగు పైకి తేలింది. ముందు చక్రం. తర్వాత దాని పక్కన గీతలు, గీతల మీద కొట్లు. తుమ్మబంక పెట్టి రాసింది గదా, కుంచెకి చెక్కు చెదరలా. దేవమ్మత్త అరుగు మీద నించి లేచింది.

మేడం ఫోను తీసింది. "ఆగండి, ఆరేలోపు ఫొటో తీయాలి. ఎవరి వరస వాళ్ళే తడపండి, ఒక్కొక్కళ్ళుగా రండి" అంది.

అప్పుడు చూడాల్సింది మీరు. ఇరవై ఆరు ఇళ్ళోళ్ళూ ఇళ్ళకి ఉరికి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళే బిందెల్లో చెంబుల్లో మోసుకొచ్చారు. ఎవరి బొమ్మ ఎక్కడుందో వాళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలుసు, రోజూ చూసే గోడేగా. మార్చి ఎండ రేకుల మీద మండతంది. ఇటు తడిపి అటు తిరిగేలోపు తెల్లబడతంది. సామ్యేలు మామ తన కండువా తడిపి, పసిపిల్లోడి మొహం తుడిచినట్టు తన గంటని తుడిచాడు. "పదిహేడు మేడం. పదహారు కట్టా, ఒకటి బాకీ" అన్నాడు. బాకీ మాట అంత గట్టిగా, అంత గర్వంగా చెప్పిన మనిషిని నేను చూళ్ళా. రాజమ్మ కూడా, "రెండు బాకీ, మిరపకాయలు అమ్మాక ఇస్తా, రాసుకోండి" అంది. ఎవరి పరువు పోతదని నేను సున్నం కొట్టానో, వాళ్ళే పిలిచి మరీ చెప్పుకున్నారు.

ఏప్రిల్ దాకా గీతలు పుస్తకంలో ఎక్కాక అత్త గీకేసింది, అప్పటికి పెట్టెలో నిలవ సున్నా, గోడ మీదున్నయ్యి ఆ పదకొండు నెలలయ్యే. మేడం గీతలన్నీ లెక్కేసింది. మొత్తం నాలుగొందల పన్నెండు. కొట్టు పడినయ్యి మూడొందల తొంభై ఏడు. అంటే పెట్టెలోకి రావాల్సింది పందొమ్మిది వేల ఎనిమిదొందల యాభై. దేవమ్మత్త బైబిలు సంచిలోంచి బిల్లులు తీసింది. కరెంటు, చిన్న ఫిల్టర్లు, ఒకసారి మోటారు వైండింగు. పదమూడు వేల ఆరొందలు. పెట్టె తెరిచి నోట్లు, చిల్లర కలిపి మూడుసార్లు లెక్కపెట్టింది మేడం. ఆరు వేల రెండొందల యాభై.

రెండూ కలిపితే ఎంతో మేడం నోటితో చెప్పకముందే ఆమె మొహం చెప్పింది. రూపాయి తేడా లేదు.

సామ్యేలు మామ టోపీ తీసి ఆకాశం కేసి చూశాడు. నేనూ ఇంటికి పోదామని చెంబు తీసుకుంటన్నా. అప్పుడు మేడం ఫోనులో ఫొటోలు పెద్దవి చేసి చూస్తా, "ఒక్క నిమిషం" అంది. "ఈ నోరు బొమ్మ ఎవరిది?"

"నాదే మేడం."

"మిగతావన్నీ కుడివైపుకి వాలిన కొట్లు. మీ వరసలో తొమ్మిది మాత్రం ఎడమవైపుకి వాలాయి. ఎందుకండి?"

నేనెప్పుడూ చూళ్ళా. రోజూ చూసే గోడ, పడ్డయ్యా లేదా అనే చూశాగానీ ఎటు వాలినయ్యో చూళ్ళా. ఆ తొమ్మిదీ నేను కట్టనియ్యి. కట్టలేదని చెప్తే అత్త దొంగ కొట్లు కొట్టిందని రాసిద్దేమో. ఇంత చేసి నా గీతల కాడ మునగాలా. నాకొచ్చిన విద్య ఒక్కటే.

"నేను కట్టా మేడం. ఆ రోజుల్లో కుడిచెయ్యి బెణికింది. ఎడమచేత్తో ఇచ్చా. ఏ చేత్తో ఇస్తే అటు కొట్టిద్ది మా అత్త, లెక్కంటే అంత పట్టింపు."

మేడం నా వంక చూసింది. నేను ఎడమచెయ్యి కూడా ఊపి చూపించా.

"వాడు అబద్ధమాడతన్నాడమ్మా. వాడు కట్టలా" అంది దేవమ్మత్త.

"అత్తా."

"నువ్వు నోరు ముయ్యి. ఆ తొమ్మిదీ నేను కట్టా. నాలుగొందల యాభై, నా పింఛనులోంచి తీసి పెట్టెలో వేశా. వేరేవోళ్ళ డబ్బు కలవకూడదని, కనపడాలని అటు కొట్టా. తప్పైతే రాసుకో."

మేడం కలం పట్టుకునే ఉంది, రాయలా. "ఎందుకు కట్టారు దేవమ్మ గారు? బాకీ అలాగే ఉంచి నీళ్ళు ఇవ్వొచ్చుగా."

"ఇచ్చేదాన్నే. నీళ్ళు ఆపుతానా. కానీ వీడు రోజూ వరసలో నిలబడి ఆ గీతలే చూసేవోడు. పెళ్ళానికి జబ్బు, చేతిలో డబ్బుల్లేవు, పైగా ఈ గీతలు. కథలు చెప్పడం మానేశాడమ్మా. వీడు కథ చెప్పకపోతే వరసలో జనానికి తోచదు. ముందు నేనంటే ముందు నేనని ఒకటే తగువులు. టిన్నులు విసురుకున్నారు ఒకసారి. సరే, ఈ గీతలు పోతే మళ్ళీ నోరు తెరుస్తాడేమోనని కొట్టేశా. మర్నాడే బల్లి కథ చెప్పాడు." అత్త నా వైపు తిరిగింది. "ఆ బల్లిని నేనేరా సన్నాసీ. మూడేళ్ళు ఊరికే వింది నేనే."

నా నోటికి మాట రాని రోజు అదొక్కటే, మా పేటోళ్ళని అడగండి. అబిదా వెనకాల్నించి వచ్చి అత్త పక్కన కూర్చుని, ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. గోడ మళ్ళీ తెల్లబడింది.

మేడం రాసింది. ఉన్నదంతా రాసింది, చదివి కూడా వినిపించింది. వసూలు, ఖర్చు, నిలవ సరిపోయినయ్యని. రిజిస్టరు పదకొండు నెలలు రాయలేదని, అది కమిటీ తప్పూ, వచ్చి చూడని సంస్థ తప్పూ అని. ఒక ఇంటి బాకీ తొమ్మిది గీతలు నిర్వాహకురాలు సొంత డబ్బుతో కట్టిందని, దాచకుండా గుర్తు పెట్టిందని. మరుగుదొడ్డి ఒకటి మిరపకాయలకి వాడుతున్నారని కూడా. రాజమ్మ బతిమాలింది, ఆ ముక్క తీయలేదు. ఇకనించి గోడతో పాటు పుస్తకం కూడా ఉండాలని, నెలనెలా గోడని ఫొటో తీసి పంపాలని, పెట్టెకి రెండు తాళాలు, ఇద్దరి చేతుల్లో తాళంచెవులు ఉండాలని షరతు పెట్టింది. రెండో తాళంచెవి ఎవరికివ్వాలంటే దేవమ్మత్త, "వలీ పెళ్ళానికి ఇవ్వండి. వలీకి మాత్రం వద్దు, పోగొట్టి ఏనుగు మింగిందంటాడు" అంది.

కారెక్కబోతా మేడం నాతో, "వలి గారు, ఆ ఎడమచెయ్యి కథ బాగుంది. కానీ మీరు ఊపింది కుడిచెయ్యి" అంది. తర్వాత చూసుకుంటే నిజమే. కంగారులో ఏ చెయ్యో తెలీలా.

మే నెలలో కొత్త ఫిల్టరు వచ్చింది. ప్రవీణ్ కుమార్ ఆదివారం ఆదివారం వచ్చి పుస్తకం రాస్తన్నాడు. వచ్చినప్పుడల్లా ముందు అత్తకాడ అరగంట తిట్లు తిని తర్వాత కలం తీస్తాడు. గోడకి మళ్ళీ జాజుతో బొమ్మలు వేశాం. నేనే చెంబుతో తడుపుతంటే, అత్త పాత గీతల మీదే కొత్తగా దిద్దింది. నా ఎడమ కొట్లు తొమ్మిదీ అట్టాగే దిద్దింది, ఎడమకే.

ఆ నాలుగొందల యాభై నేను ఒక్కసారే తెచ్చిస్తే తీసుకోలా. "ఒక్కసారే ఇస్తే అబిదాకి గుడ్లు ఎవడు కొంటాడు. పని దొరికినప్పుడల్లా యాభై తే" అంది. యాభై ఇచ్చినప్పుడల్లా ఒక ఎడమ కొట్టు మీద కుడికి ఇంకో కొట్టు కొట్టిద్ది. ఐదు అయినయ్యి, నాలుగున్నయ్యి. ఇచ్చిన ప్రతిసారీ పుల్ల జాజులో ముంచి, గోడ మీద పెట్టకుండా చెయ్యి అట్టా గాల్లో ఆపుద్ది.

"కథ చెప్పు, అప్పుడు కొడతా" అంటది.

వెనకాల వరసలో ఎవరో టిన్ను బోర్లించి కూర్చుంటారు. నేను మొదలుపెడతా. మా తాత మా ఊరి బోరు నీళ్ళు నలభై ఏళ్ళు తాగాడండి.